ఉప్పు చూడమంటే గుండిగ మోసుకొచ్చారు

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా మనవడు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అరుగు మీద చేరాడు. ఇంజినీరింగ్ మూడో ఏడు, సెలవులకొచ్చాడు. ఏం చేస్తున్నావురా అంటే, "లైనక్స్ రాబోయే వెర్షను తాతయ్యా, ఇవాళ్టి డైలీ బిల్డ్ దింపుతున్నా" అన్నాడు. ఎంతుంటుందేంటి అన్నాను. మూడు జీబీ అట. నేను లోపలికెళ్లి వక్కపలుకుల డబ్బా వెతుక్కుని వచ్చేసరికి దిగిపోయింది. నాలుగు నిమిషాలు పట్టిందేమో. అందులోనూ వాడికి విసుగే, నెట్ స్లోగా ఉందని.

సాయంత్రం కాఫీ దగ్గర అడిగాను.

"ఏరా, ఎలా ఉంది నీ బిల్డు?"

"వైఫై పట్టట్లేదు తాతయ్యా. తీసేశా."

"మరి వాళ్లకి చెప్పావా?"

"ఎవరికి?"

ఆ 'ఎవరికి' దగ్గరే నాకు కాలింది. "పోనిద్దురూ, పిల్లాడు" అంది మా ఆవిడ. సరే, పిల్లాణ్ని ఏమీ అనలేదు. అనాల్సిందంతా ఇక్కడ అంటున్నాను.

నేను లెక్కల మాస్టారిగా చేసి రిటైరైనవాణ్ని. ఊరు సఖినేటిపల్లి. వశిష్ఠ గోదావరికి ఇటు మేము, అటు నరసాపురం, మధ్యలో పంటు. వంతెన కబురు వింటూ వింటూనే జుట్టు నెరిసింది. నడివయసులో కంప్యూటర్ పిచ్చి పట్టింది, దాని వెనకాలే ఓపెన్ సోర్స్ పిచ్చి. కారణం ఒక్కటే. తెర మీద తెలుగు తెలుగులా కనబడాలి. దేశాంతరంలో ఉన్న ఏ కంపెనీవాడో దయతలచి సరిచేస్తాడని కూర్చోనక్కర్లేదు, తప్పెక్కడుందో మనమే చూపించొచ్చు, చేతనైతే మనమే దిద్దొచ్చు అన్న పద్ధతి పేపర్లు దిద్దే చేతికి బాగా నచ్చింది.

డైలీ బిల్డంటే ఏంటో తెలియనివాళ్లకి మా వైపు లెక్కలో చెబుతాను. పెళ్లివారింట వంటల దగ్గరికి వెళ్లారనుకోండి. వంటాయన గుండిగలోంచి గరిటెడు పులుసు తీసి మీ అరచేతిలో పోస్తాడు. "ఉప్పు చూడండి మాస్టారూ" అంటాడు. అది భోజనం కాదు, వడ్డన ఇంకా మొదలవలేదు. మీరు ఊదుకుని, నాలిక్కి తగిలించుకుని, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, "చిటికెడు పడాలండి" అనో "పులుపు ముందుకొచ్చిందండి" అనో చెప్పాలి. చెప్పకుండా చెయ్యి కడుక్కుని పోతే రెండొందల విస్తళ్ల ముందు ఆయన పరువు పోతుంది. విడుదలకి ముందు బయటపెట్టే సాఫ్ట్‌వేరూ అంతే. ఆల్ఫా అనండి, బీటా అనండి, రిలీజ్ క్యాండిడేట్ అనండి, రోజూ తెల్లారేసరికి తయారయ్యే డైలీ బిల్డ్ అనండి, అన్నీ అరచేతిలో పోసిన పులుసే.

ఇప్పుడు నా తగువు ఇద్దరితో. ఉప్పు చూడమని పిలిచేవాళ్లు గరిటె పారేసి గుండిగ గుండిగంతా మోసుకొచ్చి మన గుమ్మంలో దింపుతున్నారు. చూసేవాళ్లు తాగేసి మూతి తుడుచుకుంటున్నారు.

మా రోజుల్లో గరిటె ఉండేది. ఎందుకుండేదంటే, గుండిగ కదిలేది కాదు.

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్స్ తొలిరూపం బయటపెట్టినప్పుడు నేను కంప్యూటర్‌ని కళ్లతో చూసి ఎరగను. 1993లో వచ్చిన లైనక్స్ రకం స్లాక్‌వేర్ మొదటి విడుదల 24 ఫ్లాపీల మీద ఉండేదని తర్వాత తెలిసింది. ఒక్కో ఫ్లాపీ 1.44 ఎంబీ. ఇప్పటి ఫోనుతో తీసిన ఒక్క ఫొటోకి అందులో చోటు చాలదు. అందుకని వాళ్లు సరుకుని అరలు అరలుగా సర్దారు. 'ఎ' అరలో మూలసామాను, తర్వాత చేరిన 'ఎన్' అరలో నెట్‌వర్కు, 'ఎక్స్' అరలో బొమ్మల తెర. నీకు కావలసిన అర పట్టుకుపో, మిగతాది వదిలెయ్. ఇంట్లో ఫోనే లేనివాడి చేత నెట్‌వర్కు ఫ్లాపీలు మోయించే పాపం ఎవరూ కట్టుకోలేదు.

తర్వాత సీడీలొచ్చాయి. 650 ఎంబీ. లెక్క చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు కాబట్టి చెబుతున్నాను: ఒక్క సీడీ అంటే 451 ఫ్లాపీల పైమాటే. డయలప్ మీద ఎంత గీకినా సెకనుకి నాలుగు కేబీలు రాలేవి. ఆ లెక్కన ఒక్క సీడీ దిగడానికి 46 గంటలు. అన్ని గంటలూ ఇంటి ఫోను ఎంగేజు, మీటరు గిర్రున తిరుగుడు. మధ్యలో తీగ మీద కొబ్బరిమట్ట ఒక్కటి పడిందా, లైను కట్. ఆగినచోటి నుంచి మళ్లీ అందుకునే కిటుకు తెలియకముందు నేను ఒకే ఫైలుని మూడుసార్లు సగం సగం దింపాను. మూడు సగాలు కలిపితే ఒకటిన్నర రావాలి. కంప్యూటర్లో సున్నా వస్తుందని అప్పుడే నేర్చుకున్నాను.

ఇంకో లైనక్స్ రకం డెబియన్ 3.1 విడుదల, సార్జ్ అని పేరు, 2005 జూన్‌లో వచ్చింది. మొత్తం సెట్టు 14 సీడీలు. 14 సీడీలు ఎవడు దింపుతాడండీ? ఆ సంగతి వాళ్లకీ తెలుసు. అందుకే నెట్‌ఇన్‌స్ట్ అని ఒక చిన్న సీడీ పెట్టారు. అది ఎక్కించుకుంటే మిగతావాటిలో అవసరమైనవే వస్తాయి. ఇంకా పేదవాడికి విజిటింగ్ కార్డంత సీడీలో పట్టే బుల్లి ఇమేజీ ఒకటి. పెట్టేవాడికి మన ఆకలే కాదు, మన విస్తరి సైజూ తెలుసన్నమాట.

పూర్తయిన విడుదలలకి మాకు లోటు లేదు. పీసీ క్వెస్ట్ పత్రిక లైనక్స్ సీడీలు ఇచ్చేది. 2003లో లైనక్స్ ఫర్ యూ మొదలైంది, దాంతోనూ సీడీ. ఉబుంటు వాళ్లయితే షిప్‌ఇట్ అని పెట్టి, అడ్రసు రాస్తే చాలు, సీడీలు పోస్టులో ఊరికే పంపేవాళ్లు. 2011లో ఆపేశారు. కానీ ఇవన్నీ వడ్డించిన విస్తళ్లు. ఉప్పు చూడాలంటే మాత్రం వంటశాలకి మనమే నడిచి వెళ్లాలి. బీటాలు పత్రికతో వస్తే, అచ్చయి మన చేతికందేలోపు పాచిపోతాయి. షిప్‌ఇట్ వాళ్లు పంపేది విడుదలైన సరుకే.

మరి వంటశాల ఎక్కడ? హైదరాబాద్‌లో.

అక్కడ ఉద్యోగం చేస్తున్న నా పాత శిష్యుడొకడు ఉండేవాడు. ఆఫీసులో మంచి లైను. విడుదలకి ముందు తెలుగు ఎలా ఉందో చూడాల్సినప్పుడల్లా టెస్టింగ్ సీడీలు మూడు కొట్టి, పాత పెళ్లికార్డు అట్టల మధ్య పెట్టి, నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో ఊరొచ్చేవాళ్లెవరో ఒకరి చేతికిచ్చేవాడు. పొద్దున్నే నేను పంటు దాటి నరసాపురం స్టేషనుకెళ్లి ఆ పొట్లం అందుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు పంటు మీద పొట్లాన్ని పాలిథిన్ కవరులో చుట్టి, ఆపైన తువ్వాలు చుట్టి, చంకలో పెట్టుకునేవాణ్ని. నీటి తుంపరలు పడతాయని భయం. ఓరోజు టికెట్లబ్బాయి అడిగాడు, "ఏంటి మాస్టారండీ, మందులా?"

"ఆయ్. కంప్యూటర్‌కి."

"ఏ డాక్టరు రాశారండీ?" అన్నాడు వాడు. గోదారోడికి జవాబు చెప్పి గెలిచినవాడు లేడు.

గోదారి పోటెత్తి పంటు ఆపేశారంటే మలికిపురం, దిండి, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. మూడు సీడీల కోసం అలా కూడా తిరిగాను. ఎందుకంటే అవతల ఒకడు రాత్రి మేలుకుని కొట్టి పంపాడు, రైల్లో ఇంకొకడు మోసుకొచ్చాడు. ఇంతమంది చేతులు మారిన పులుసు చూసి ఉప్పు సంగతి చెప్పకపోతే మనిషినా?

ఇంటికొచ్చాక అసలు తంతు. చెక్‌సమ్ చూడాలి. పొట్లంలో మా శిష్యుడు చేత్తో రాసిన కాగితం ఉండేది. ఒక్కో సీడీకి 32 అక్షరాల ఎండీ5 గుర్తు. సీడీలో ఉన్నదాన్నంతా నమిలి కంప్యూటర్ కూడా ఒక 32 అక్షరాలు చెబుతుంది. రెండూ ఒకటైతే సరుకు క్షేమంగా దాటినట్టు. మా ఆవిడ బెండకాయలు తరుగుతూ కాగితం చదివేది, నేను తెర మీద వేలు పెట్టి చూసుకునేవాణ్ని.

"ఏడు. సి. సున్నా. ఎఫ్. ఎఫ్..."

"రెండు ఎఫ్‌లా?"

"రెండే. తొందరపెట్టకండి, వేలు తెగుద్ది."

ఓసారి మూడో సీడీ మొదటి అక్షరానికే తేడా కొట్టింది. రెండో అక్షరమూ తేడాయే. ఈ లెక్కలో 'కొంచెం తప్పు' అనేది ఉండదు. సీడీలో ఒక్క చుక్క మారినా 32 అక్షరాలూ వేరే ఊరి అక్షరాల్లా మారిపోతాయి. సీడీ వెనక తిప్పి చూస్తే సన్నటి గీత. రైల్లో ఎవరి సంచీలో ఏ తాళంచెవి గీరిందో.

మళ్లీ హైదరాబాద్ నుంచి తెప్పించాలా? అక్కర్లేదు. ఆర్‌సింక్ ఉంది. 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిజెల్, పాల్ మకరాస్ అనే ఇద్దరు తయారుచేశారు దాన్ని. దాని తెలివి చూడండి. మన దగ్గరున్న చెడిన ఫైలుని ముక్కలు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకి ఒక్కో చిన్న గుర్తు వేసి, ఆ గుర్తుల చిట్టా మాత్రమే అవతలికి పంపుతుంది. అవతలి కంప్యూటర్ తన మంచి ఫైలుతో పోల్చుకుని, మన దగ్గర లేని ముక్కలనే తిరిగి పంపుతుంది. గీత పడిన సీడీలో చదవగలిగినంతా డిస్కులోకి లాగాను, ఆర్‌సింక్ తగిలించాను. 650 ఎంబీలో నాకు కావలసి వచ్చింది పదిహేను ఎంబీ. గంటా అయిదు నిమిషాలు. మా ఆవిడ మళ్లీ 32 అక్షరాలూ చదివింది, ఈసారి కలిశాయి. ఆవేళ బెండకాయ వేపుడు కాస్త మాడింది, అది వేరే సంగతి.

వారం వారం మారే ప్రీ-రిలీజ్ సరుకుకి ఈ పద్ధతి ప్రాణం. పోయిన వారం సీడీ మన దగ్గర ఉంది. ఈ వారం మారింది పదోవంతు. ఆ పదోవంతే తెచ్చుకుంటాం. డెబియన్ వాళ్లది జిగ్‌డో అని ఇంకో కిటుకు ఉంది. పెద్ద ఇమేజీ ఇవ్వరు, దాన్ని కూర్చే నక్షా ఇస్తారు. ఏ ప్యాకేజీలు నీ పాత సీడీలో ఉన్నాయో తీసుకో, లేనివి దగ్గర్లో నకలు ఉంచే మిర్రర్ నుంచి తెచ్చుకో, నక్షా ప్రకారం పేర్చుకో, అచ్చం అసలు ఇమేజీ తయారవుతుంది. మాకు దగ్గర్లోని మిర్రరంటే ఐఐటీ మద్రాసు. అసలు సరుకు స్వీడన్‌లో ఊమియో విశ్వవిద్యాలయం కంప్యూటర్లలో ఉండేది. అక్కడెవరో విద్యార్థులు, లెక్చరర్లు లాభం లేకుండా నడుపుతున్న యంత్రాన్ని మూడు సీడీల కోసం బాదకూడదని మాకు ఇంగితం ఉండేది. మిర్రర్లు నడిపేవాళ్లకి రోజూ మారే పెద్ద ఫైళ్లంటే భయం కూడా. నిన్నటిది కాపీ అయ్యేలోపు ఇవాళ్టిది తగలడుతుంది.

బిట్‌టొరెంట్ సంగతేంటంటారా? 2001లో బ్రామ్ కోహెన్ తెచ్చాడు. మంచి ధర్మం అది, తీసుకున్నవాడే పక్కవాడికి పెడతాడు. విడుదల రోజున వేలమంది ఒకే ఫైలు మీద పడితే దాన్ని మించింది లేదు. కానీ రోజుకొకటి పుట్టే బిల్డ్‌కి జనం పోగవ్వరు, పోగయ్యేలోపు రేపటిది వస్తుంది. పైగా మా వైపు టొరెంటన్న మాటెత్తితే జనానికి సినిమాలే గుర్తొచ్చేవి.

మా ఊరికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక పండగనుకున్నాను. బీఎస్ఎన్ఎల్ వాళ్లు 2005 జనవరిలో మొదలుపెట్టారు, తొలినాళ్లలో 256 కేబీపీఎస్ వేగం. 500 రూపాయల ప్లానులో పగటి వాడకానికి లెక్కుంది గానీ రాత్రి రెండింటి నుంచి పొద్దున ఎనిమిది దాకా లెక్కలేదు. ఆరు గంటలు ఉచితం! కాగితం తీశాను. సెకనుకి 32 కేబీ, గంటకి 3,600 సెకన్లు, ఆరు గంటలు. 675 ఎంబీ. సీడీ చూస్తే అప్పటికి 700కి పెరిగింది. 25 ఎంబీ తక్కువ! ఈ ప్లాను పెట్టినవాడెవడో నన్ను దృష్టిలో పెట్టుకునే పెట్టాడనిపించింది. రెండింటికి అలారం, లేచి మీట నొక్కడం, ఎనిమిదికి ఆపడం, మర్నాడు రాత్రి మళ్లీ లేచి ఆ 25 ఎంబీ. మా ఆవిడ అనేది, "తెల్లారగట్ట లేచి దేవుడికి దణ్ణం పెట్టుకునేవాళ్లుంటారు. మీరేంటో దానికి పెట్టుకుంటున్నారు."

ఇంతా చేసి తెచ్చింది ఎందుకు? తెలుగు చూడ్డానికి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు డెబియన్ ఆధారంగా తెలుగు సిస్టం తయారుచేసే పని నెత్తికెత్తుకున్న రోజులవి. ఎక్కడెక్కడి వాళ్లో మెనూలు అనువదిస్తున్నారు. కానీ మెనూలో మాట సరిగ్గా రాసినంత మాత్రాన తెర మీద సరిగ్గా పడాలని లేదు. దానికి నా దగ్గరో పరీక్ష మాట ఉంది. కొత్త బిల్డ్ ఎక్కించగానే మొదట కొట్టేది అదే: అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి. మా మండలంలో వెలసిన దేవుడు, నమస్కారమూ అయింది, పరీక్షా అయింది. 'ర్వే'లో ఒత్తు ఎక్కడ వాలుతుందో తెలుస్తుంది. 'క్ష్మీ'లో రెండు ఒత్తులు, పైన గుడిదీర్ఘం. అదంతా ఒకే అక్షరంగా కుదరాలి. కుదరకపోతే మధ్యలో చుక్కల సున్నా ఒకటి ఊడిపడుతుంది, నోట్లో పన్ను రాలినట్టు. దాని తర్వాత స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం. నాలుగూ దాటితే పాసు.

దాటనివి పాత మార్కుల రిజిస్టరులో ఎర్రసిరాతో రాసేవాణ్ని. ఏ తేదీ బిల్డు, ఏ ఫాంటు, ఏం చేశాను, ఏం జరగాలి, ఏం జరిగింది. అయిదు గడులు. నాలుగు నింపి అయిదోది ఖాళీగా వదిలితే నా లెక్కలో సున్నా. తర్వాత దాన్ని నా ముక్కలు ముక్కల ఇంగ్లీషులో పంపేవాణ్ని. వాళ్లు అడిగింది ఇంగ్లీషు కాదు, గడులు.

ఇదేదో చాదస్తం అనుకునేవాళ్లకి 2018 ఫిబ్రవరి గుర్తు చేస్తాను. 'జ్ఞా' అన్న ఒక్క తెలుగు అక్షరం, మధ్యలో కంటికి కనబడని ఓ గుర్తుతో, మెసేజ్‌లో వస్తే చాలు, ప్రపంచమంతా ఐఫోన్లలో ఆ మెసేజ్ వచ్చిన యాప్ కుప్పకూలిపోయేది. ఆపిల్ వాళ్లు 11.2.6 వెర్షన్ విడుదల చేసి సరిచేశారు. అంత పెద్ద వంటశాలలో కూడా, విస్తళ్లు వేయకముందు ఎవరో ఒకరు జ్ఞా అనే మెతుకు నలిపి చూసుంటే సరిపోయేది. నా పరీక్ష మాటల్లో జ్ఞానం ఎందుకుందో ఇప్పుడర్థమైందా?

ఇక ఇప్పటి వైభోగం.

మా ఊరి పక్కనే మోరి. మా మండలమే. జీడిపప్పుకి పేరు. 2016 డిసెంబర్‌లో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు వచ్చి, ఇంటింటికీ ఫైబర్ తీగ వేసిన స్మార్ట్ విలేజ్ అని అక్కడ ప్రారంభోత్సవం చేశారు. ఏడాది తిరిగేసరికి 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ రాష్ట్రమంతటికీ ఫైబర్‌గ్రిడ్ ప్రారంభించారు, నెలకి 149 రూపాయల నుంచి. 46 గంటలు కాచుకున్నవాణ్ని, నాకు సంతోషం లేదనను. కానీ తీగ లావైన కొద్దీ బుద్ధి సన్నబడింది.

ఇప్పుడు ఎవరో ఒకరు ఒక్క కామా మార్చినా యంత్రం దానంతటదే మొత్తం బిల్డ్ వండేస్తుంది. రోజుకి ఇరవై గుండిగలు. ఎవరూ మూత తీసి చూడరు. కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో అయితే అలా తయారైన సరుకు మామూలుగా 90 రోజులుంచి చెరిపేస్తారు. ముట్టకుండా పారబోసిన పులుసు ఎంతో ఎవరూ లెక్కెయ్యరు. అదే చోట విడుదల ఫైలు ఒక్కోటి రెండు జీబీలు దాటకూడదని నియమం. దాటితే? ముక్కలుగా కోసి ఒకటో భాగం, రెండో భాగం అని పెడతారు. మేం 1.44 ఎంబీ దగ్గర కోసేవాళ్లం, వీళ్లు రెండు జీబీల దగ్గర కోస్తున్నారు. కత్తి అదే, గుమ్మడికాయే ఊరింది.

మారిన పదోవంతే పంపే తెలివి ఏమైంది? చాలాచోట్ల అటకెక్కింది. ఇప్పటి లైవ్ ఇమేజీల్లో సరుకంతా గట్టిగా కుదించి మూటకడతారు. మూటలో ఒక్క ఫైలు మారితే దాని చుట్టుపక్కలదంతా కదిలిపోతుంది, ఆర్‌సింక్ లాంటివాటికి పట్టు దొరకదు. దొరికేలా కట్టే ఉపాయాలున్నాయి గానీ, ఎందుకొచ్చిన గొడవ, నాలుగు నిమిషాల్లో దిగుతోంది కదా అంటారు. ఎవరికి దిగుతోంది? మా మనవడికి. పక్కవీధిలో మా ఒకప్పటి పనమ్మాయి కూతురు డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల నెట్టంతా ఫోనులో రోజుకి ఒకటిన్నర జీబీ. మూడు జీబీలంటే ఆ పిల్లకి రెండు రోజుల తిండి. కొత్త బిల్డ్ దింపి తెలుగు చూసిపెట్టమ్మా అని ఏ మొహం పెట్టుకుని అడగను?

అందరూ చెడిపోయారని అనను. ఫైర్‌ఫాక్స్ నైట్లీ రోజూ మారినా, మారిన ముక్కనే పంపి అతికించుకుంటుంది. డెబియన్ వాళ్లు ఇప్పటికీ పెద్ద సెట్టులో మొదటి కొన్ని ఇమేజీలే నేరుగా పెట్టి, మిగతావి జిగ్‌డోతో కూర్చుకోమంటారు. వంటశాలలో ఇంకా గరిటె పట్టడం తెలిసినవాళ్లు ఉన్నారు. తక్కువయ్యారు, అంతే.

ఉప్పు చూసేవాళ్లు మరీ తక్కువయ్యారు. చూసినవాడి విలువెంతో 2024 మార్చిలో లోకానికి తెలిసొచ్చింది. ఎక్స్‌జెడ్ అని, ఫైళ్లు కుదించే ఒక చిన్న పనిముట్టు. దాన్లో ఎవరో నమ్మకంగా ఏళ్లపాటు మసలి దొంగతలుపు పెట్టారు. విడుదలైన మూటలో ఉన్నది వేరు, అందరికీ కనబడే సోర్స్‌లో ఉన్నది వేరు. అది డెబియన్ టెస్టింగ్ దాకా వచ్చేసింది, ఇంకో గడప దాటితే ప్రపంచంలో ఎన్నో సర్వర్ల విస్తళ్లలోకి పడేది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు డెబియన్ ప్రీ-రిలీజ్ మీద వేరే పనేదో చేసుకుంటుంటే, లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందని అనుమానమొచ్చింది. అర సెకను! మనమైతే నెట్ స్లో అనుకుంటాం. ఆయన తవ్వి తీశాడు, మార్చి 29న అందరికీ చెప్పాడు. అదీ ఉప్పు చూడటమంటే.

మా రోజులు బంగారమని మాత్రం అనుకోకండి. తెచ్చిన సీడీల్లో గీతలు పడనివి తక్కువ. అంతకన్నా ఘోరం ఇంకోటి. సీడీ కొట్టి, రైలెక్కి, పంటు దాటి, ఎక్కించి, రిజిస్టరు నింపి, రాసి పంపేసరికి పదిహేను రోజులు. అటునుంచి మర్యాదగా జవాబు: "ధన్యవాదాలు, దీన్ని పోయిన వారమే సరిచేశాం." అలాంటి జవాబులు డజను దాకా వచ్చుంటాయి. నేను ఉప్పు తక్కువైందని చెప్పేసరికి అక్కడ పెళ్లే అయిపోయేది. ఆ లెక్కన, పొద్దున వండినదాన్ని మధ్యాహ్నానికి రుచి చూడగలిగే మా మనవడి చేతిలో ఉన్నది ఎంత అదృష్టమో వాడికి తెలియదు. నా కడుపుమంట అదే. నాకు నోరుండేది, పులుసు చల్లారాక అందేది. వాడికి సెగలు కక్కుతూ అందుతోంది, నోరు మెదపడు.

ఇదంతా రాత్రి భోజనాల దగ్గర వాడికే చెప్పేశాను, రాయడం దాకా ఆగలేక. వాడు నవ్వి, సరే చెబుతా పదండి అని ల్యాప్‌టాప్ తీశాడు. వైఫై పట్టట్లేదని రెండు లైన్లు రాసి పంపాడు. పళ్లాలు తీసేలోపు ప్రపంచంలో ఏ మూల నుంచో జవాబు. ఒకటే ప్రశ్న.

"తాతయ్యా, ఏ తేదీ బిల్డని అడుగుతున్నాడు. వైఫై చిప్ ఏదని కూడా."

"చెప్పు మరి."

"డిలీట్ చేసేశా కదా. తేదీ చూడలేదు."

"ఏ గుండిగలోదో చెప్పకుండా ఉప్పు తక్కువైందంటే వంటాయన ఏం చేస్తాడ్రా?"

వాడు మళ్లీ సర్వర్ దగ్గరికెళ్లాడు. మధ్యాహ్నంది తీసేసి సాయంత్రం కొత్తది పెట్టేశారు. మళ్లీ మూడు జీబీలు. "నాలుగు నిమిషాలే తాతయ్యా" అన్నాడు, నా మొహం చూసి. దిగింది. ఎక్కించబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. చెక్‌సమ్ చూశావా?

"ఒక్క కమాండ్ కొడితే అదే పోల్చేసుకుంటుంది తాతయ్యా. చదవక్కర్లేదు."

"ఇప్పుడెన్ని అక్షరాలు?"

"షా256 కదా, 64."

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినబడింది. "అరవై నాలుగా? అప్పట్లో ముప్ఫై రెండేగా!"

వీడు బిత్తరపోయి నావైపు చూశాడు. ఆవిడ చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ గడప దగ్గరికొచ్చి నిలబడింది.

"ఊఁ, చదవరా నాన్నా. మెల్లగా."